గడువు దాటినప్పుడు కనిపించే వాక్యం

ఓల్డెన్‌బుర్గ్,
మార్చి 8, ఆదివారం

నా ప్రియమైన ఓర్ట్రూన్,

నువ్వు పంపిన ఎండు బేరిపండ్ల పొట్లం అందింది. రుచి చూద్దామని విప్పితే సగం ఖాళీ అయింది, మిగతా సగం ఈ ఉత్తరం రాస్తూ అయిపోయేలా ఉంది. రోజంతా తెర మీద మాటలతో కుస్తీ పట్టేవాళ్ళం కాబట్టి మన మధ్య మాత్రం కాగితం, కలం ఉండాలని బెర్న్ వెళ్ళేటప్పుడు నువ్వు షరతు పెట్టావు. అప్పట్లో ఇదేం చాదస్తం అనుకున్నాను. ఇవాళ దానికి దండం పెడుతున్నాను. తెర మీద రాసే కొంప మీదికి తెచ్చుకున్నాను, ఆ సంగతి మళ్ళీ తెర మీద రాసే ధైర్యం నాకు లేదు.

ముందు మంచి కబుర్లు. పాలు పితికే యంత్రాల కంపెనీ వాళ్ళు ఈ ఏడాది కూడా నన్నే ఉంచుకున్నారు. కొత్త యంత్రానికి అరచేయంత తెర. ఇంగ్లీషులో ఐదు అక్షరాల మాట ఉన్నచోటికి మన జర్మన్ మాట ఇరవై రెండు అక్షరాలతో, పెట్టెబేడాతో దిగిన చుట్టంలా వచ్చి గుమ్మంలో ఇరుక్కుంటుంది. కిందటి వారం ఒక రైతు కొట్టంలో నిలబడి, ఆయన తడి చేతి తొడుగులతో ఆ బటన్లు ఎలా నొక్కుతాడో చూశాను. "ఏమండీ, ఈ మాటలన్నీ చదివే తీరిక నాకెక్కడిది? ఆవు తన్నేలోగా ఏది నొక్కాలో తెలిస్తే చాలు," అన్నాడు. ఇంటికొచ్చి పదకొండు మాటలు కత్తిరించాను. సైకిలెక్కి ఊరు చుట్టివచ్చాను. ఈ మధ్య ఇంత తృప్తిగా పని చేసిన గుర్తు లేదు.

ఇక మన గ్రంథాలయ ప్రోగ్రాం సంగతి. నువ్వు మానేసి ఏడేళ్ళయినా నా నోటికి 'మన' అనే వస్తుంది. ఇప్పుడు ఆరువందల నలభై చిన్న ఊళ్ళ గ్రంథాలయాలు దాన్ని వాడుతున్నాయి. ఇంగ్లీషులో ఉన్న ప్రతి మాటనీ జర్మన్‌లోకి తెచ్చేది ఇప్పటికీ మేం ఐదుగురమే, జీతం భత్యం లేకుండా, బుధవారం బుధవారం. బెర్లిన్ నుంచి చేరిన ఇద్దరు కుర్రవాళ్ళు తెర చదివేవాళ్ళని 'మీరు' అనడం మానేసి 'నువ్వు' అనాలని మళ్ళీ ఓటింగు పెట్టించారు. మళ్ళీ ఓడిపోయారు. వోల్క్‌మార్ మునుపటిలాగే జట్టుకి పెద్ద. "డెబ్బై ఏళ్ళ గ్రంథాలయం ఆవిణ్ణి ఒక యంత్రం నువ్వు అని పిలవడమా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు," అన్నాడు. రైల్వేలో రిటైరైనా ఆయన గొంతులో స్టేషను మైకు ఇంకా రిటైరవలేదు.

పద్ధతి నీకు తెలిసిందే. ఒకరు రాసిన మాటని ఇంకొకరు చదివి ఒప్పుకుంటే తప్ప అది ప్రోగ్రాంలోకి పోదు. ఎంతటివాళ్ళయినా తమ మాటని తామే ఒప్పుకోవడానికి లేదు. ఇంకో అలవాటు కూడా నీకు గుర్తుండాలి. మన పొడుగు వాక్యాలు తెర మీది పెట్టెలో పడతాయో లేదో చూడటానికి, అసలు మాట తేలకముందే ఏదో ఒకటి రాసి నింపేవాళ్ళం. నువ్వు మీ అమ్మమ్మ పప్పు సూపు చేసే విధానం రాసేదానివి, ఉల్లిపాయలు వేగకముందే పెట్టె నిండిపోయేది. వోల్క్‌మార్ కాసెల్ ట్రాం స్టాపుల పేర్లు వరసగా రాస్తాడు. నేనేం రాస్తానో మాత్రం ఎప్పుడూ ఎవరికీ చూపించలేదు. ప్రయోగాలకని ఉంచిన పక్క కాపీలో రాసుకుని, చూసుకుని, చెరిపేసేదాన్ని.

ఈసారి చెరపలేదు. మాటలకి తాళం వేసే ముందు ఆఖరి ఆదివారం అది. ఆ తరువాత ఎవరూ ఏదీ మార్చడానికి ఉండదు. ఎవరైనా గడువు దాటాక పుస్తకం తెచ్చిస్తే కనిపించే పెట్టెని కొత్త వెర్షన్‌లో ఇరుకు చేశారు. అందులో ఎంత పడుతుందో చూద్దామని నా వాక్యం రాశాను. పక్క కాపీలో అనుకుని అసలు దాంట్లోనే రాశాను. అంతలో పాల యంత్రాల వాళ్ళు ఫోన్ చేశారు, వెళ్ళిపోయాను. ఆ రోజు వోల్క్‌మార్ ముందు మూడువందల పన్నెండు వాక్యాలున్నాయి. రెండువందల తొంభై శ్రద్ధగా చదివాడు. మిగిలినవి నా పేరుతో ఉన్నాయి కాబట్టి, వీబ్కే రాసిందేగా అని గంపగుత్తగా ఒప్పేసుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా నేను ఒక కామా కూడా తప్పు పెట్టలేదని ఆయన అందరికీ చెబుతాడు.

కాబట్టి మార్చి ఒకటి నుంచి, దేశమంతటా ఆరువందల నలభై ఊళ్ళలో, ఆలస్యంగా పుస్తకం తెచ్చినవాళ్ళ ముందు తెర మీద వస్తున్న వాక్యం ఇది: 'ఫోకో, అమ్మ టీ కూజా నువ్వే పట్టుకుపోయావని నాకు తెలుసు, ఒక్క మాట అడిగితే ఇచ్చేసేదాన్ని కదా.'

నవ్వుకో, పరవాలేదు. అందరూ నవ్వుతున్నారు. బవేరియా నుంచి ఒకావిడ రాసింది: "మా పాఠకులు రోజూ వచ్చి అడుగుతున్నారు, ఫోకో కూజా తిరిగిచ్చాడా లేదా?" ఇంకో ఊళ్ళో ఒకాయన పదకొండేళ్ళ కిందట తీసుకెళ్ళిన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, తలవంచుకుని వెళ్ళిపోయాడట. ష్టుట్‌గార్ట్ దగ్గర ఒక గ్రంథాలయాధికారి మాత్రం చాలా కోపంగా రాశాడు. వాక్యం గురించి కాదు. "మేము 'మీరు' ఉన్న వెర్షన్ కోరి తీసుకున్నాం, మీ ప్రోగ్రాం ఉన్నట్టుండి 'నువ్వు' అంటోంది," అని.

ఫోకో ఎవరని మనవాళ్ళు అడిగారు. ఎప్పుడో చదివిన ఏదో నవలలో వాక్యమని అబద్ధం చెప్పాను. అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఫోకో నా తమ్ముడు, ఓర్ట్రూన్. తమ్ముడున్నాడని నీకు చెప్పాను, వాడు పడవల పనిలో తీరిక లేకుండా ఉంటాడని చెప్పాను. వాడితో మాట్లాడి తొమ్మిదేళ్ళయిందని చెప్పలేదు. అమ్మ పోయినప్పుడు ఇల్లు, పడవల కొట్టం అన్నీ వాణ్ణే ఉంచుకోమన్నాను, నాకు ఏదీ వద్దన్నాను. మనసులో మాత్రం ఒక్కటి అనుకున్నాను, అమ్మ టీ కూజా. తెల్ల పింగాణీ మీద ఎర్ర గులాబీ. రోజుకి నాలుగుసార్లు దాంట్లోంచే మాకు టీ పోసేది. అంత్యక్రియల నాడు ఆ ఇంట్లో అడుగుపెట్టగానే అల్మరా వైపు చూశాను. కూజా ఉండే చోట దుమ్ములో గుండ్రటి గుర్తు ఉంది, కూజా లేదు. ఫోకో వైపు చూశాను. వాడు కళ్ళు దించుకున్నాడు.

మా వైపు టీ అంటే మూడు కప్పులు. మూడు తాగాక కప్పులో చెంచా పెడితేనే చాలన్నట్టు. ఒక్క కప్పు తాగి లేచిపోవడమంటే ఆ ఇంటి మొహాన తలుపు వేసి రావడమే. ఆ రోజు నేను ఊరందరి ముందు ఒక్క కప్పు తాగి లేచాను. కోటు తొడుక్కుని ఫెర్రీ దగ్గరికి నడిచాను. వాడు నా వెనక రాలేదు. అప్పటినుంచి క్రిస్మస్‌కి అచ్చు వేసిన కార్డు ఒకటి నేను పంపుతాను, ఒకటి వాడు పంపుతాడు. కింద పేరు, అంతే.

ఆ వాక్యం వాడితో అనాలని ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో. అనలేదు. ఖాళీ పెట్టె ఎక్కడ కనిపిస్తే దాంతో అన్నాను. ఇప్పుడు భయమేమిటంటే, మా ఊరు డిట్సుమ్‌లో కూడా చర్చి పక్క గదిలో చిన్న గ్రంథాలయం ఉంది. మన జాబితాలో ఉంది, చూశాను. ఫోకో పుస్తకం పట్టుకునే మనిషి కాదు. కానీ ఆ ఊళ్ళో ఆరువందల గడప కూడా లేదు, ఫోకో అనేవాడు ఒక్కడే, వాడి అక్క తెర మీద మాటలు రాస్తుందని అందరికీ తెలుసు. సాయంత్రానికల్లా రొయ్యల దుకాణం దగ్గర ఇదే కబురు. ఊరందరి ముందు నా తమ్ముణ్ణి దొంగని చేశాను. ఇన్నాళ్ళూ మా మధ్య ఉన్నది ఉత్త మౌనం, ఎప్పటికైనా అది పోతుందని నాకు ఒక మూల ఆశ ఉండేది. ఆ ఆశ నా చేతులతో నేనే తుడిచేసుకున్నానని ఏడుపొస్తోంది. ఏం చేయాలో చెప్పు.

నీ
వీబ్కే


ఓల్డెన్‌బుర్గ్,
మార్చి 23

ప్రియాతిప్రియమైన ఓర్ట్రూన్,

నాలుగు పేజీల నా గోడుకి నువ్వు రాసిన జవాబు రెండు మాటలు: "వెళ్ళి అడుగు." కార్డు వెనక మిగిలిన చోటంతా మీ ఆయన వేసిన ఆవు బొమ్మ. ఆవు బాగుంది. నీ సలహా మాత్రం నావల్ల కాదు. ఊళ్ళో తలెత్తుకోలేకుండా చేసి, పైగా గుమ్మంలోకి వెళ్ళి కూజా ఏదని అడగమంటావా? పుండు మీద కారం చల్లి, మంటగా ఉందా అని అడిగినట్టుంటుంది.

వాక్యం సరిచేశాం. పన్నెండో తారీఖున కొత్త అప్‌డేట్ వెళ్ళింది. ఇప్పుడు ఆ పెట్టెలో 'ఈ పుస్తకం గడువు దాటింది' అని వస్తుంది, ముప్పై ఏళ్ళ పాత రబ్బరు స్టాంపులా. అది సరిచేయడానికి కూడా నేను రాసి, ఇంకొకరు ఒప్పుకోవాలి కదా. వోల్క్‌మార్ ఈసారి కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరం పైకి చదివి ఒప్పుకున్నాడు.

మొన్న శనివారం కాసెల్‌లో మన సాలీనా సమావేశం. అదే సత్రం, అదే పొగ పెట్టిన సాసేజి, అదే పుల్లటి దోసకాయ. వోల్క్‌మార్ నీకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నాడు. 'సెట్టింగులు' అనే మాటకి నువ్వు పెట్టిన పేరు మీద మూడు వారాలు జరిగిన యుద్ధం కొత్తవాళ్ళకి మళ్ళీ చెప్పాడు. ఏటా ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళ సంఖ్య పెరుగుతోంది. తరువాత ఆ వాక్యం మీద వచ్చిన ఉత్తరాలు చదవడం మొదలుపెట్టాడు. నూట నలభై పైనే ఉన్నాయట. మొదటి పాతిక చదివేసరికి అందరూ కడుపు పట్టుకున్నారు.

అప్పుడు ఒక చిత్రం జరిగింది. హాంబుర్గ్ నుంచి వచ్చే తాలెయా ఉంది చూడు, నువ్వు వెళ్ళాక చేరింది, మాటకి మాట అప్పగించే రకం. ఆ అమ్మాయి నవ్వడం ఆపేసి, "మా ఇంట్లోనూ ఉంది ఇలాంటిది. మా నాయనమ్మ కుట్టుమిషను. మా అమ్మ, పిన్ని మాట్లాడుకోరు," అంది. బెర్లిన్ కుర్రాళ్ళలో ఒకడు వాళ్ళ తాతయ్య గోడ గడియారం గురించి చెప్పాడు. వోల్క్‌మార్ తన అన్నగారు ఒక దుర్భిణీ అడిగి తీసుకున్నాడని, ఇంకా ఇవ్వలేదని, అది పందొమ్మిది వందల డెబ్బై నాలుగులోనని చెప్పాడు. బల్ల చుట్టూ ఎవరి కూజా వాళ్ళకి ఉంది, ఓర్ట్రూన్.

ఇక దాచలేకపోయాను. "ఫోకో నవలలో మనిషి కాదు. మా తమ్ముడు," అన్నాను. అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. సత్రం ఆవిడ నా ముందు అడగకుండానే ఒక చిన్న గ్లాసు బ్రాందీ పెట్టి వెళ్ళింది.

తరువాత, నేను జట్టు నుంచి తప్పుకుంటున్నానని చెప్పాను. ముందే నిర్ణయించుకుని వెళ్ళాను. పక్క కాపీకి, అసలుకి తేడా తెలియని మనిషి ఆరువందల ఊళ్ళకి మాటలు రాయకూడదు. నిజం చెప్పనా, అది పైకి చెప్పిన కారణం. అసలు కారణం, ఇప్పుడు ఏ పెట్టె తెరిచినా నా వేళ్ళు ఆ వాక్యం వైపే వెళ్తున్నాయి. ఆపుకోలేకపోతున్నాను.

వోల్క్‌మార్ సాసేజి పళ్ళెం పక్కకి జరిపాడు. తరువాత, "మన దగ్గర ఎవరి మాటా వాళ్ళంతట వాళ్ళు ఖాయం చేసుకోవడానికి లేదు. నువ్వు మానేస్తానన్నావు, బాగానే ఉంది. ఇంకొకరు ఒప్పుకోవాలిగా. నేను ఒప్పుకోను," అన్నాడు.

"తాలెయా ఒప్పుకుంటుంది," అన్నాను.

"నా మొహం చూసి చెప్పండి, నేనెప్పుడైనా మీ మాట ఒప్పుకున్నానా?" అంది తాలెయా.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ మాట మార్చుకోలేదు. ఏప్రిల్ ఆఖరు వరకు ఉంటాను. పోయేముందు ఆ నూట నలభై ఉత్తరాలు చదివి, సర్ది, మూసేయడం నా పని. వాటికి కారణం నేనే కాబట్టి వాటి అంట్లు నేనే తోమాలి. ఒక్కొక్కరికీ ఆటోమేటిగ్గా ఒక జవాబు ఎప్పుడో వెళ్ళిపోయింది: 'మీ ఫిర్యాదు అందింది. సమస్య పరిష్కారమైంది. ధన్యవాదాలు.' ఆ మూడు వాక్యాలూ నేను రాసినవే, నువ్వు ఒప్పుకున్నవే, గుర్తుందా?

నువ్వు కోప్పడతావని తెలుసు. కోప్పడు. ఆవు బొమ్మ మాత్రం మళ్ళీ పంపమను.

నీ
వీబ్కే


ఓల్డెన్‌బుర్గ్,
ఏప్రిల్ 19, ఆదివారం

ఓర్ట్రూన్, నా చెలీ,

కూర్చుని చదువు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి చదువు.

పోయిన ఆదివారం ఆ ఉత్తరాలు సర్దుతున్నాను. తొంభై నాలుగోది తెరిచాను. మన తప్పుల ఫారం నీకు తెలుసుగా: ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది అని మూడు గడులు. మొత్తం యథాతథంగా రాస్తున్నాను.

'ఏం చేశారు: గడువు దాటిన పుస్తకం వాపసు తీసుకున్నాను.

ఏం రావాలి: గడువు దాటిందన్న మాట.

ఏం వచ్చింది: నా పేరు.

వివరాలు: వాక్యంలో ఉన్న సమాచారం తప్పు. నేను పట్టుకుపోలేదు. చనిపోవడానికి వారం ముందు అమ్మే ఇచ్చింది, పిడి విరిగింది, అతికించి పెట్టమని. అతికించాను. నా దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు. ఎఫ్. హార్మ్‌సెన్, డిట్సుమ్ గ్రంథాలయం, శనివారం వంతు.'

కింద, సమస్య ఎంత తీవ్రం అన్న గడి. స్వల్పం, మామూలు, ఎక్కువ, పని ఆగిపోయింది, ఇలా నాలుగు ఉంటాయి. వాడు 'పని ఆగిపోయింది' ఎంచుకున్నాడు.

తారీఖు చూశాను. మార్చి ఏడు. అంటే నేను ఏడుస్తూ నీకు మొదటి ఉత్తరం రాసిన దానికి ముందురోజే వాడు ఇది రాశాడు. ఐదు వారాలుగా నా కోసం ఆ కుప్పలో పడి ఉంది. వాడికి అందిన జవాబేమిటి? సమస్య పరిష్కారమైంది, ధన్యవాదాలు. నా సొంత తమ్ముడికి నేను పంపిన జవాబు అది. నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో కాగితం మీద పెట్టను.

నువ్వు ముందే చెప్పావు, వెళ్ళి అడుగు అని. నిన్న వెళ్ళాను. పెట్కుమ్ దగ్గర ఫెర్రీలో సైకిలు పెట్టుకుని నది దాటాను. ఫెర్రీ అతను నన్ను గుర్తుపట్టాడు. "మొయిన్," అని మా వైపు పలకరింపు ఒక్క మాట అన్నాడు. మరీ ఎక్కువ మాట్లాడానని అనుకున్నాడేమో, ఒడ్డు చేరేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

ఫోకో తలుపు తీశాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి తలుపుకి అడ్డం తప్పుకున్నాడు. మాకు అదే ఆహ్వానం.

కూజా బల్ల మీద ఉంది. ముందే తెలిసినట్టు నీళ్ళు కాగుతున్నాయి. మా వాళ్ళ ఇళ్ళలో నీళ్ళు ఎప్పుడూ కాగుతూనే ఉంటాయిలే. కప్పులో పటికబెల్లం ముక్క వేశాడు, టీ పోశాడు, అది చిటపటమన్నాక చెంచాతో మీగడ అంచుమీదుగా వదిలాడు. అచ్చం అమ్మ వదిలినట్టు. పిడి మీద అతుకు సన్నటి గీతలా కనిపిస్తోంది. పడవ చెక్కలు అతికించే చేతులతో అంత సున్నితంగా ఎలా చేశాడో. మొదటి కప్పు అయింది.

రెండో కప్పు పోస్తుంటే నేనే అడిగాను. "ఆ రోజు నీ వైపు చూస్తే తల దించుకున్నావెందుకు?"

"నువ్వు అమ్మ గురించి చూస్తున్నావనుకున్నాను," అన్నాడు. "అమ్మ పోయిన పొద్దున నేను ఇంట్లో లేను. పడవ మీద ఉన్నాను. అమ్మని వదిలి ఎలా వెళ్ళావురా అని అడుగుతావనుకున్నాను."

"నేను అల్మరా వైపు చూశాను, ఫోకో."

"అది నాకేం తెలుసు? ఒక్క కప్పు తాగి లేచిపోయావు. ఇంకేం అనుకోమంటావు?"

"వెనక రావచ్చుగా."

"వచ్చి ఏం చెప్పను? ఇంటి నుంచి కబురు వచ్చేసరికి నేను సముద్రంలో ఉన్నానని చెప్పనా? అది నీకూ తెలుసు." కూజా పిడిని నా వైపు తిప్పాడు. "కూజా నీ కోసమే ఉంచాను. నేను వాడలేదు. ఇవాళ పొద్దున తీసి పెట్టాను."

"నేను వస్తానని నీకెలా తెలుసు?"

"తెలీదు. అందుకని ప్రతి శనివారం తీసి కడిగి పెడుతున్నాను. మార్చి నుంచి."

చూశావా, ఓర్ట్రూన్, నేను తొమ్మిదేళ్ళుగా వాణ్ణి దొంగ అనుకుంటున్నాను. వాడు తొమ్మిదేళ్ళుగా నేను వాణ్ణి అమ్మని వదిలేసినవాడిగా చూస్తున్నానని అనుకుంటున్నాడు. ఇద్దరం ఒకరి మనసులో లేని మాటకి ఒకరం జవాబు చెప్పకుండా కూర్చున్నాం. మాటల పని చేసి బతికే మనిషిని నేను. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఎంత హాయిగా ఉందో కూడా చెప్పాలి. మూడో కప్పు తాగాను. చెంచా కప్పులో పెట్టబోతే వాడు, "ఇంకోటి తాగు. పాత బాకీ ఉంది," అన్నాడు. నాలుగు తాగాను, ఐదు తాగాను.

ఈ గ్రంథాలయం గోల ఏమిటని అడిగాను. ఇన్నాళ్ళు నడిపిన పాస్టరు భార్య ఊరు మారిందట, తాళం తీయడానికి ఎవరూ లేరట. "తాళం తీయడం నాకు వచ్చు," అన్నాడు. పుస్తకాలు చదువుతావా అంటే, "కొన్నింటి వెనక అట్ట చదివాను. చాలు," అన్నాడు. వోల్క్‌మార్‌కి అక్కడి నుంచే ఫోన్ చేసి, నేను మానేయడం లేదని చెప్పాను. "నేనెప్పుడో చెప్పాను, అది ఒప్పుకోని వాక్యం అని," అన్నాడు ఆయన. పక్కనుంచి ఫోకో, "ఆయనేనా నా పేరు చదవకుండా ఒప్పుకున్నది? ఈసారి వస్తే రొయ్యలు పెడతానని చెప్పు," అన్నాడు.

మూడింటికి వాడు గ్రంథాలయం తెరవాలి. నేనూ వెంట వెళ్ళాను. రెండు గోడలకి పుస్తకాలు, ఒక బల్ల, దాని మీద ముసలి కంప్యూటరు. వాడు తెర వెలిగించి, రెండు వేళ్ళతో, కొయ్యలో మేకు దిగగొట్టినంత శ్రద్ధగా కీలు నొక్కుతుంటే పక్కన నిలబడి చూశాను. పద్నాలుగేళ్ళుగా నేను రాసిన మాటలు. 'తెరవండి', 'వెతకండి', 'వాపసు తీసుకోండి'. వాటిని నా తమ్ముడు చదువుతుండగా చూడటం అదే మొదటిసారి. రైతు కొట్టంలో నిలబడినప్పుడు కలిగిన సంతోషానికి నూరింతలు అనుకో.

కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చింది, గేషె అని, అమ్మ స్నేహితురాలు. సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"రెండు వారాలు ఆలస్యం, గేషె," అన్నాడు ఫోకో.

"తెలుసు. కావాలనే. మా మనవరాలు చూస్తానంటే ఫోటో తీసి పంపాలి," అంది ఆవిడ. నన్ను చూసి, "ఓహో, నువ్వు వచ్చావా? ఇంత తొందరేమొచ్చింది?" అంది.

ఫోకో బటన్ నొక్కాడు. ఆవిడ ఫోను ఎత్తి పట్టుకుంది. తెర మీద, ఆ ఇరుకు పెట్టెలో, నా వాక్యం వచ్చింది. ఫోకో, అమ్మ టీ కూజా నువ్వే పట్టుకుపోయావని నాకు తెలుసు, ఒక్క మాట అడిగితే ఇచ్చేసేదాన్ని కదా.

నా మొహం కందిపోయింది. గేషె గడప దాటేదాకా ఆగి, "అదేమిటి ఫోకో? అది సరిచేసి నెల దాటింది. ఆరువందల ముప్పై తొమ్మిది ఊళ్ళలో పోయింది. అప్‌డేట్ చేయమని ఇక్కడ రోజూ అడుగుతూనే ఉంటుందే," అన్నాను.

"అడుగుతుంది."

"మరి నొక్కలేదే? ఊరంతా నిన్ను చూసి నవ్వుతుంటే?"

వాడు గేషె తెచ్చిన పుస్తకం తీసుకుని అరలో దాని చోట పెట్టాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నవ్వనీ. తొమ్మిదేళ్ళలో నువ్వు నాతో అన్న మాట అదొక్కటే, వీబ్కే. ఎలా చెరపను?"

నీ
వీబ్కే